మీకు తెలుసా? పర్ణశాలలో గిరిజనేతరుడికి గిఫ్ట్ డీడ్ చెల్లదు!

వారసత్వపు పేచీ వల్లే కదా రాముడు అడవి బాట పట్టింది! ఆయన కుటీరం వేసుకున్నాడని భక్తులు నమ్మే పర్ణశాలలో, దుమ్ముగూడెం మండలపు ఆ గోదావరి ఒడ్డున, ఆస్తి పంపకం ఇప్పటికీ చిక్కుముడే. ఈసారి అడ్డం పడేది కైక వరం కాదు, 1/70.

ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో అయితే తండ్రి బతికుండగానే కొడుకు పేర గిఫ్ట్ డీడ్ చేసేసి నిశ్చింతగా ఉండొచ్చు. పర్ణశాల లాంటి ఏజెన్సీ ఊళ్లలో గిరిజనేతరులకు అది కుదరదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక (1/70 అనేది ఈ సవరణనే), గిరిజనులకో వాళ్ల సహకార సంఘానికో తప్ప ఇంకెవరికి స్థిరాస్తి రాసిచ్చినా చెల్లదు. అమ్మకం, తాకట్టు, కౌలు, దానం అన్నీ బదలాయింపు కిందికే వస్తాయి. ఇచ్చేది గిరిజనేతరుడైనా అంతే. అంటే గిరిజనేతర తండ్రి సొంత కొడుక్కి దానపత్రం రాసినా అది చిత్తు కాగితమే. వీలునామాను మాత్రం బదలాయింపు నిర్వచనంలోంచి తప్పించారు. గిరిజనుల పొలం కొట్టేయడానికి ఇదో దొడ్డిదారి అనుకోకండి. భద్రాచలంలో స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (ఎస్‌డీసీ) కోర్టు ఉన్నది ఇలాంటి పేచీలు తేల్చడానికే.

పోడు పట్టాది ఇంకో దారి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన ఆ పట్టా వారసులకు దక్కుతుంది గానీ అమ్మడానికి లేదు, బదలాయించడానికి లేదు. పెళ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. భర్త పోయాక విరాసత్ (వారసుల పేరిట మార్పు) కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేముందు పట్టాలో తన పేరు ఉందో లేదో భార్య చూసుకోవాలి.

కోయ కుటుంబాలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు, పంపకాలు ఆచారం ప్రకారమే. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో ఆడవాళ్లకూ వాటా ఉందని తేల్చింది. కానీ కూతురిని కోర్టు మెట్లెక్కించడమెందుకు, వీలునామా రాసిపెడితే సరి.

దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. రాసినాయన సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. తోటి ముసలివాళ్లనూ పెట్టొద్దు, రేపు కోర్టులో చెప్పడానికి వాళ్లు మిగలాలి కదా!

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దొరికే అచ్చు నమూనా ఇక్కడ పనికిరాదు. “మీరు గిరిజనులా? పొలం పట్టాదా, పోడుదా?” అని ముందే అడిగే లాయరు దగ్గర కూర్చోండి. గిరిజనులకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉచిత న్యాయ సాయం ఇస్తోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు పాస్‌బుక్కు, పోడు పట్టా, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం సంచిలో పెట్టుకోండి. రెండోసారి బస్సెక్కే పని తప్పుతుంది.