వందేమాతరము బిళ్ల – వెల్లూరు చెరసాల

1907వ సంవత్సరము ఏప్రిల్ నెలలో రాజమహేంద్రవరమందలి ప్రభుత్వ కళాశాల విద్యార్థులు కొందరు అంగీలకు చిన్న బిళ్లలు తగిలించుకొని తరగతులకు వచ్చిరి. ఆ బిళ్లలమీద నున్నది ఒక్కటే మాట: వందేమాతరము. వారు ఎవరిని కొట్టలేదు. ఒక బల్లనైనను విరుగగొట్టలేదు. అంతకు ముందే బిపిన్ చంద్రపాలుడు ఆ పట్టణమున ఉపన్యసించియుండెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ యుపన్యాసములను అప్పటికప్పుడు తెనిగించి వినిపించిరి. విన్నది విద్యార్థుల మనస్సున నిలిచినది. ప్రిన్సిపాలు మార్కు హంటరుదొరకు ఆ బిళ్లలు కంటగింపైనవి.

ఆ విద్యార్థులలో ముందు నిలిచినవాడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఉపాధ్యాయ శిక్షణకై చేరినవాడు. అనగా రేపటి పంతులు. వారి పూర్వులది కడప జిల్లా సింహాద్రిపురము. అచ్చటినుండి కర్నూలునకు వలస వచ్చిన నిరుపేద కుటుంబమున 1883 సెప్టెంబరు 14వ తేదీన ఆయన జన్మించెను. ధాత కరవు ఆ సీమను ఊడ్చి ఐదారేండ్లయినను కాని కాలమది. కర్నూలు, గుత్తి, నంద్యాలలందు చదువు సాగినది. బంధువుల సాయమును, ఉపకార వేతనములును ఆధారము. 1906లో మద్రాసున ఎం.ఏ. పూర్తియైనది. దత్తమండలముల బీదయింట పుట్టిన బాలుడు అంతవరకు చదువుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. ఇక శిక్షణ ముగిసిన సర్కారు కొలువు చేతికందినట్లే.

ఆ నేలమీద ప్రభుత్వమునెదిరించుట యన నేమియో జనులెరిగియే యుండిరి. అప్పటికి కడప జిల్లాలో చేరియుండిన కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిరి. తొమ్మిదివందలమందికి పైగా నేరము మోపిరి. ఆయన శిరస్సును 1877 వరకు కోటగుమ్మమున వ్రేలాడనిచ్చిరి. అయితే నరసింహారెడ్డిది సాయుధమైన తిరుగుబాటు. కత్తికి కత్తి సమాధానమనుట ఏ రాజ్యమునకైనను తెలిసిన నీతియే. అంగీమీది బిళ్లకు సమాధానమేమి?

బిళ్లకును శిక్ష దొరికినది. విద్యార్థులనేకులు కళాశాలనుండి బహిష్కృతులైరి. హరిసర్వోత్తమరావును కళాశాలనుండి తొలగించుటయే కాక, ప్రభుత్వోద్యోగమునకు అనర్హునిగా నిర్ణయించిరి. విచారణ లేదు, న్యాయస్థానము లేదు, సాక్షి లేడు. ఒక్క కలముపోటుతో ఇరువదిమూడేండ్ల యువకుని జీవనోపాధి తెగిపోయినది. ఉపాధ్యాయులైన పాఠకులు ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలసియున్నది. మరుసటి నెలలోనే, 1907 మేలో, భారత ప్రభుత్వ కార్యదర్శి రిజ్లీ పేర ఒక ఉత్తరువు వెలువడినది. విద్యార్థులును ఉపాధ్యాయులును రాజకీయములలో దిగకుండ కట్టడిచేయుట దాని ఉద్దేశము. వంగదేశమున 1905లోనే కార్లయిల్ ఉత్తరువు ఇట్టి త్రోవను చూపియుండెను. పాఠశాలకు వచ్చు సహాయద్రవ్యము, పిల్లవాని ఉపకార వేతనము, పంతులుగారి కొలువు, ఈ మూడింటిని చేతబట్టుకొని నోరు మూయించుట ఆ పద్ధతి. చెరసాల కంటె ఇది చౌక. రొద కూడ తక్కువ.

కొలువు పోయినను హరిసర్వోత్తమరావు కలము విడువలేదు. ఆ 1907లోనే ఆయన వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము విజ్ఞానచంద్రికా గ్రంథమాలలో తొలి గ్రంథముగా వెలువడినది. బానిసత్వమును మాన్పినవాని కథను, తన నోరు కట్టుబడిన సంవత్సరమున తెలుగువారికి చెప్పుట గమనింపదగినది. 1908లో బోడి నారాయణరావుగారితో కలిసి బెజవాడనుండి ‘స్వరాజ్య’ యను వారపత్రికను నడపెను. ఆ మార్చి నెలలో తిరునల్వేలిలో వి.ఓ. చిదంబరం పిళ్లెను నిర్బంధింపగా జనులు అల్లరి చేసిరి. పోలీసు కాల్పులలో నలుగురు చనిపోయిరి. దానిపై ‘స్వరాజ్య’లో ‘విపరీతబుద్ధి’ యను సంపాదకీయము వచ్చినది. అది మృదువైన రచన యని చెప్పుట సత్యదూరమగును. పరప్రభుత్వమును క్రూరమృగముతో పోల్చిన వ్రాత యది. కాని ఆ వ్రాతవలన ఎవరి తలకును గాయము కాలేదు. గాయములన్నియు అంతకు ముందే తిరునల్వేలిలో తుపాకులవలన అయినవి.

ప్రభుత్వము రాజద్రోహ నేరము మోపినది. శిక్షాస్మృతిలో 124–ఏ యను ఆ సెక్షను 1870లో చేర్చబడినది. 1897లో తిలక్ అభియోగమున బొంబాయి న్యాయమూర్తి స్ట్రేచీ దానికి చెప్పిన భాష్యము విచిత్రము: ప్రభుత్వముపట్ల ప్రీతి లేకుండుటయే అప్రీతి, ఆ అప్రీతిని రేకెత్తించుటయే నేరము. కర్నూలు జిల్లా రైతునకు శిస్తు కట్టునాడు సర్కారుపై ప్రీతి కలుగవలెనని ఏ శాసనము నిర్బంధింపగలదు? చేసిన పనిని సాక్షులచే నిరూపింపవచ్చును. మనస్సులోని ప్రీతిని తూచుటకు త్రాసు ఎక్కడిది? ఆ త్రాసు ఆనాడు పాలకుల చేతనే యుండెను. 1908 జూలైలో తిలక్‌కు ఆరేండ్ల ప్రవాస శిక్ష పడినది. హరిసర్వోత్తమరావునకు మూడేండ్ల కారాగారము. తెలుగువారిలో తొలి రాజకీయ ఖైదీ యని ఆయనను పేర్కొందురు.

ఆ మూడేండ్లు వెల్లూరులో గడచినవి. రాజకీయ ఖైదీ యను ప్రత్యేకత అప్పటికి లేదు. బందిపోట్లును హంతకులును ఆయనకు తోడు. మోకాళ్లవరకు లాగు, చేతులు లేని చొక్కా, తలపై టోపీ, కాళ్లకు కడియములు, మట్టిచిప్పలు. ఎం.ఏ. పట్టము పుచ్చుకొనిన మద్రాసునకు ఆ చెర ఎంతో దూరము కాదు.

స్వతంత్ర భారతమున 1950నాటి రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యమును, ఆయుధములు లేక శాంతముగా సమావేశమగు హక్కును ఇచ్చినది. ఐనను 124–ఏ నిలిచియే యున్నది. 1962లో కేదారనాథ్ సింగు అభియోగమున సుప్రీంకోర్టు, హింసను గాని ప్రజాశాంతి భంగమును గాని ప్రేరేపించు మాటలకే అది వర్తించునని కుదించినది. కాగితముమీద స్ట్రేచీ భాష్యము అంతటితో పోయినది. ఠాణాలలో పోవుటకు మరింత కాలము పట్టినది. 2022 మే 11వ తేదీన ఆ సెక్షను అమలును సుప్రీంకోర్టు నిలిపివేసినది. 2024 జూలై 1వ తేదీన వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహమను పేరు లేదు. దేశ సార్వభౌమత్వమును, ఐక్యతను, సమగ్రతను ప్రమాదమున పెట్టు చర్యలను గూర్చిన 152వ సెక్షను కలదు. పేరు మారినది గాని పరిధి తగ్గలేదని కొందరును, ఇది వేరు నేరమని కొందరును వాదించుచున్నారు. ఊరేగింపు చేయదలచిన విద్యార్థికి దీనికంటె ఎక్కువగా ఎదురగునది నిషేధాజ్ఞ. ఒకనాటి 144వ సెక్షను, నేటి నాగరిక సురక్షా సంహితలో 163. కడప ఉక్కు కర్మాగారమునకై, సాగునీటికై వీధికెక్కిన సీమ విద్యార్థులకు ఆ అంకె పాఠ్యపుస్తకమున చదువకయే తెలియును. శాంతిభంగము నిజముగా ముంచుకొని వచ్చినపుడు వాడవలసిన ఆజ్ఞ అది. అడుగువారి గొంతు వినబడకుండుటకు వాడినచో మార్కు హంటరుదొర బుద్ధికిని దానికిని భేదమేమి?

1911లో విడుదలయైన హరిసర్వోత్తమరావునకు ఇల్లు చూపుటకే జనులు జంకిరి. పోలీసు నిఘా వెంట నడచినది. కొంతకాలమునకు ఆంధ్రపత్రిక సంపాదకత్వము వహించెను. హోంరూలు ఉద్యమమున పనిచేసెను. తరువాతి దశాబ్దములు ముఖ్యముగా గ్రంథాలయములకును వయోజన విద్యకును వెచ్చించెను. సర్కారు బడిలో పాఠము చెప్పుటకు అర్హత లేదనిపించుకొనినవాడు, బడి ముఖము చూడని పెద్దలకు అక్షరములు నేర్పు పనిలో వార్ధక్యము గడపెను.

1960 ఫిబ్రవరి 29వ తేదీన ఆయన మరణించెను. ఆ తిథి నాలుగేండ్లకు గాని రాదు గనుక వర్ధంతి సభలకు అనుకూలము కాదు. పాఠశాలలలో ఆయనను తలచుకొనదలచినవారికి సెప్టెంబరు 14 ఉన్నది; ఉపాధ్యాయ దినోత్సవము జరిగిన తొమ్మిదవ నాడు అది వచ్చును.