స్పెయిన్ రాజ్యమున మితవాదుల పాలన

1833 సెప్టెంబరు 29వ తేదీన స్పెయిన్ ప్రభువగు ఏడవ ఫెర్డినాండు మరణించునాటికి సింహాసనమునకు వారసురాలైన ఇసబెల్లాకు మూడేండ్లైనను నిండలేదు. ఆడుబిడ్డకు రాజ్యార్హత లేదని వాదించుచు రాజసోదరుడు డాన్ కార్లోస్ కత్తి దూసెను. మతాధికారులలో పెక్కుమందియు, ఉత్తరపు కొండసీమల కర్షకులును, పురాతన రాచరికమే దైవనిర్ణీతమని నమ్మినవారును ఆతని పక్షము వహించిరి. అందుచే రాజప్రతినిధియైన రాణి మరియా క్రిస్టీనా, తన బిడ్డ కిరీటమును కాపాడుకొనుటకై, తన భర్త యేండ్ల తరబడి చెరసాలల పాలును ప్రవాసము పాలును చేసిన ఉదారవాదులనే ఆశ్రయింపవలసి వచ్చెను. రాచరికమును ఉదారవాదమును మైత్రిచే గాక అవసరముచే ఏకమైన ఈ ఘట్టముననే స్పెయిన్ మితవాదుల పాలనకు బీజము పడినది. వారి గుణములును దోషములును ఆ బీజమందే ఇమిడియుండెనని నా అభిప్రాయము.

ఈ మితవాదులలో పెద్దలు, నెపోలియన్ సేనలతో పోరు సాగుచుండగనే 1812లో కాదిస్ నగరమున వెలసిన రాజ్యాంగమునకు యౌవనమున జేజేలు పలికి, చెరయందును పరదేశమందును వయసు మళ్లిన పిమ్మట, ముందు శాంతి నెలకొనిననే గాని స్వాతంత్ర్యము నిలువదను నిశ్చయమునకు వచ్చినవారు. కవియు నాటకకర్తయు నగు మార్తీనెస్ దె లా రోసా అట్టివాడు. ఫెర్డినాండు ఆజ్ఞచే ఆఫ్రికా తీరమునందలి రాతికోటలో 1820 వరకు బందీయైయుండి, పిదప పారిస్‌లో తలదాచుకొని, గిజో మొదలగు ఫ్రెంచి రాజనీతిజ్ఞుల మధ్యేమార్గ సిద్ధాంతమును ఆకళించుకొని వచ్చిన ఆయన, 1834లో ప్రభుత్వాధినేతయై ఒక రాజశాసనమును వెలువరించెను. అది ప్రజలు రచించుకొన్న రాజ్యాంగము కాదు. రాణి అనుగ్రహించిన రెండు సభల ఏర్పాటు. ఓటు హక్కు పొందినవారు దేశమంతట సుమారు 16,000 మంది మాత్రమే.

ఇంత స్వల్పమైన దానముతో తృప్తి చెందనివారు ప్రగతివాదులను పేర వేరొక పక్షముగా ఏర్పడిరి. 1836లో లా గ్రాంహా రాజసౌధమున కొందరు సార్జెంట్లు తిరుగబడి రాణిని నిర్బంధించి 1812 రాజ్యాంగమును పునరుద్ధరింపజేయుట, మరుసటి యేడు ఇరుపక్షములకును ఇంచుమించు సమ్మతమైన క్రొత్త రాజ్యాంగము వెలువడుట, 1840లో క్రిస్టీనా పదవిని త్యజించి దేశము వీడుట, ప్రగతివాదుల నాయకుడగు సేనాని ఎస్పార్తెరో మూడేండ్లు ఏలి పతనమగుట, ఇవన్నియు వెంటవెంట జరిగినవి. 1843 నవంబరులో పదుమూడేండ్ల ఇసబెల్లాను వయస్కురాలిగా ప్రకటించిరి. 1844 మే నెలలో సేనాని నర్వాయెస్ ప్రధానమంత్రి కాగా, మితవాదులకు పదేండ్ల అవిచ్ఛిన్నాధికారము లభించెను.

ఆ పదేండ్లలో వారు చేసిన నిర్మాణకార్యమును తక్కువచేసి చెప్పుట అన్యాయము. ఆధునిక స్పెయిన్ రాజ్యయంత్రములో అధికభాగము వారి చేతిపనియే. అంతకుముందే, 1833లో, మంత్రి హవియెర్ దె బుర్గోస్ దేశమును 49 మండలములుగా విభజించెను. నేటి మండలములకును అదియే పునాది. 1844లో దారిదోపిళ్లను అణచుటకై సివిల్ గార్డు దళము ఏర్పడెను. 1845లో ఆర్థికమంత్రి అలెహాంద్రో మోన్, శతాబ్దములుగా పేరుకొనియున్న చిల్లరమల్లర పన్నులలో పెక్కింటిని తొలగించి, భూమిపైనను వ్యాపారముపైనను క్రమబద్ధమైన పన్నులు విధించెను. 1848లో బార్సిలోనా నుండి మతారో వరకు దేశప్రధానభూమిలో తొలి రైలు నడిచెను. ఆ దశాబ్దము గడచిన పిమ్మట, మన దేశమున మద్రాసు విశ్వవిద్యాలయము వెలసిన 1857లోనే అక్కడ మొయానో విద్యాశాసనము ఆరు మొదలు తొమ్మిదేండ్ల బాలబాలికలకు చదువును నిర్బంధము గావించెను. ఆ చట్టపు చట్రము 1970 వరకు నిలిచెను.

అయితే ఈ నిర్మాణమంతయు ఎవరికొరకు జరిగెనని అడుగక తప్పదు. 1836 మొదలుకొని ప్రభుత్వము మఠముల భూములను వేలము వేయగా, వానిని కొని సంపన్నులైన భూస్వాములు, వర్తకులు, న్యాయవాదులు, అధికారులు ఈ పక్షమునకు వెన్నెముక. మఠముల ఆస్తి చేతికి వచ్చినవారికి మతముతో సంధియు కావలసి వచ్చెను. 1851లో పోపుతో కుదిరిన ఒడంబడికచే జరిగిపోయిన అమ్మకములు స్థిరపడెను, అందుకు బదులుగా మతాచార్యుల పోషణభారము రాజ్యముపై పడెను, విద్యపై బిషప్పులకు పర్యవేక్షణాధికారము దక్కెను. మోన్ సంస్కరణలో భాగమైన వినియోగపు పన్ను మాత్రము నూనె, మాంసము, సబ్బు వంటి నిత్యావసరములపై పడి నిరుపేదను పీడించెను. దానిని ద్వేషింపని కూలివాడు స్పెయిన్‌లో లేడన్నను అతిశయోక్తి కాదు.

1845 రాజ్యాంగము సార్వభౌమత్వమును జాతినుండి తీసికొని రాణికిని కోర్తెస్ అనబడు శాసనసభకును ఉమ్మడి చేసెను. ఎగువసభ సభ్యులను యావజ్జీవితము నియమించు అధికారమును రాణికే ఒసగెను. 1846 ఎన్నికల శాసనముచే ఏటా 400 రియాళ్ల ప్రత్యక్షపు పన్ను చెల్లించువారికిని, విద్యాధికులైన కొందరికిని మాత్రమే ఓటు దక్కెను. సుమారు కోటి ఇరువది లక్షల జనాభాలో ఓటర్లు లక్షకు మించలేదు. అంతకన్న ప్రమాదకరమైనది ఆచరణ. రాణి తన యిష్టానుసారము మంత్రివర్గమును మార్చును. క్రొత్త మంత్రివర్గము సభను రద్దుచేయు ఉత్తరువును చేతబట్టుకొని, మండలాధికారుల ద్వారమున ఎన్నికలు నడిపి, తనకు వలయు సభను తానే సమకూర్చుకొనును. ఎన్నికలు జరిపించిన ప్రభుత్వమే గెలుచుట ఆనవాయితీ యయ్యెను. కనుక అధికారమునకు దారి ప్రజల ముంగిట గాక అంతఃపురమునందే యుండెను. 1849 అక్టోబరులో రాణివాసపు మంతనములచే నర్వాయెస్ పదవి ఊడి, క్రొత్త మంత్రివర్గము ఒక్కదినమునకు మించి నిలదొక్కుకొనలేక ఆయననే మరల పిలువవలసివచ్చుట ఆ వ్యవస్థ రోగమునకు స్పష్టమైన లక్షణము.

రాణి తనంత తానుగ ప్రగతివాదులను పిలువదు. ఎన్నికలచే వారు రాలేరు. ఇక వారికి మిగిలినది సైనికశిబిరమే. స్పెయిన్‌లో సేనానులు పదేపదే తిరుగుబాటు ప్రకటనలు చేయుటకు ఆ జాతి ఉద్రేకస్వభావమే కారణమని చెప్పువారితో నేను ఏకీభవింపజాలను. శాంతియుతముగ ప్రభుత్వమును మార్చు ద్వారము మూసివేయబడుటయే దానికి ముఖ్యకారణము.

ఈ సత్యమును గుర్తించినవారు మితవాదులలోనే లేకపోలేదు. శుద్ధవాదులని పేరుపొందిన చిన్నవర్గమునకు నాయకుడగు హోయాకీన్ పచేకో, 1837 రాజ్యాంగమును మార్పవలదనియు, ఇరుపక్షములు ఒకే శాసనమునకు కట్టుబడి వంతులవారీగ పాలించుటయే సింహాసనమునకు రక్షయనియు ప్రబోధించెను. 1847లో కొద్దినెలలు ప్రధానియైనను ఆయన మాట చెల్లలేదు. 1852లో ప్రధాని బ్రావో మురీల్యో సభాధికారములను ఇంకను కుదింపజూచి పదవి కోల్పోయెను. 1854లో సేనాని ఓడొనెల్ తిరుగబడి మితవాదుల దశాబ్దమునకు తెరదించెను. ఆ తిరుగుబాటు నాటి మంజనారెస్ ప్రకటనను వ్రాసిన యువకుడు అంతోనియో కానొవాస్ దెల్ కాస్తీల్యో శుద్ధవాదుల గోష్ఠిలో పెరిగినవాడు. ఓడొనెల్ ఉదార సమైక్యపక్షము 1858 నుండి ఐదేండ్లు దేశమును ఒడ్డున నిలిపెను గాని, పిమ్మట రాణి మరల పాతదారినే పట్టెను. 1865లో మాడ్రిడ్ విద్యార్థులపై ప్రభుత్వము కాల్పులు జరిపెను. ఓడొనెల్ 1867లోను, నర్వాయెస్ 1868 ఏప్రిల్‌లోను మరణించిరి. ఆ సెప్టెంబరులో నౌకాదళము కాదిస్ రేవున తిరుగబడగా, ఆ నెల ముగియకముందే ఇసబెల్లా సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరెను. ముప్పదియైదేండ్లు ఏలిన రాణికొరకు ప్రాణమొడ్డి నిలిచిన పక్షమేదియు లేకపోయెను.

పచేకో బోధను కార్యరూపమున పెట్టినవాడు కానొవాస్. ఆరేండ్ల అరాజకము తరువాత ఇసబెల్లా కుమారుడు పండ్రెండవ అల్ఫోన్సోను రాజును జేసి, 1876లో ఇరుపక్షములు సహింపగల రాజ్యాంగమును నెలకొల్పి, ప్రత్యర్థియగు సగాస్తాకు తానే తావిచ్చి వంతులవారీ పాలనను ఆరంభించెను. దానితో తిరుగుబాట్లు చాలవరకు అణగెను. ఇది ఆయన ఘనత. కాని వంతు మార్పును నిర్ణయించినది ఓటరు గాక, ఇరుపక్షముల నాయకులును గ్రామములందలి వారి పెత్తందారులును. 1890లో పురుషులందరికి ఓటు లభించినను ఎన్నికల ఫలితములు మాడ్రిడ్‌లోనే సిద్ధమగుచుండెను. కనుక మితవాదుల మొదటి లోపమును కానొవాస్ సగమే సరిదిద్దెనని చెప్పవలెను. 1923 సెప్టెంబరులో సేనాని ప్రిమో దె రివేరా అధికారమును హస్తగతము చేసికొని ఆ రాజ్యాంగమును నిలిపివేసినపుడు, దానిని కాపాడుటకు ప్రజలు వీధులలోనికి రాలేదు.