వరుస ఇల్లా? విడి ఇల్లా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు కష్టాన్ని గురించి చెప్పారే గాని, లాభాన్ని గురించి చెప్పలేదు. అద్దె వస్తుందనీ, ధర పెరుగుతుందనీ ఇల్లు కొనడం తరువాతి కాలపు ఆలోచన. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాలలో ఈ ఆలోచన బలపడడానికి కారణం లేకపోలేదు. 1960 తరువాతి దశాబ్దంలో రామచంద్రాపురానికి భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వచ్చినది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వెలిసినది. పారిశ్రామికవాడలు విస్తరించినవి. 2008లో ప్రారంభమైన ఐ.ఐ.టి. నేడు కంది వద్ద ఉన్నది. పని ఉన్నచోట అద్దెకుండేవారూ ఉంటారు.

అయితే గోడకు గోడ ఆనించి కట్టిన వరుస ఇల్లు మేలా, నాలుగు వైపులా తన స్థలమే ఉన్న విడి ఇల్లు మేలా?

ముందు ఒక సూత్రం గ్రహించాలి. కట్టడం ఏటేటా అరుగుతుంది. ధర పెరిగేది సాధారణంగా నేలకే. ఊహకు ఒక లెక్క చూడండి. రెండు ఇళ్ల ధరా 80 లక్షలే అనుకుందాము. విడి ఇంటిలో నేల విలువ 50 లక్షలు, కట్టడం 30 లక్షలు. వరుస ఇంటిలో నేల 32, కట్టడం 48. కొంతకాలానికి నేల విలువ సగం పెరిగి, కట్టడం విలువ మూడవ వంతు తరిగినదనుకుంటే, విడి ఇల్లు 95 లక్షలవుతుంది. వరుస ఇల్లు 80 లక్షల వద్దనే నిలుస్తుంది.

అద్దె సంగతి వేరు. విడి ఇంటిని రెండు మూడు పోర్షన్లు చేసి కార్మిక కుటుంబాలకు ఇవ్వవచ్చు. ఒకటి ఖాళీ అయినా తక్కినవాటి అద్దె ఆగదు. అనుమతి పొంది పై అంతస్తు వేయవచ్చు. వరుస ఇల్లు మొత్తంగా ఒక్క కుటుంబానికే పోతుంది. ఖాళీగా ఉన్న నెలలో కూడ సంఘానికి నిర్వహణ రుసుము చెల్లించక తప్పదు.

మరి వరుస ఇంటికి బలమేమిటి? 2016 నాటి రెరా చట్టం. రిజిస్టరైన నిర్మాణంలో, కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఇల్లు అప్పగించిన 5 సంవత్సరాలలోపల నిర్మాణలోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి. కాని స్థలం 500 చదరపు మీటర్లకు మించని, లేదా ఇళ్లు 8కి మించని చిన్న నిర్మాణాలకు ఆ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. విక్రయపత్రంలో మీ వాటా నేల ఎన్ని గజాలో స్పష్టంగా వ్రాయించుకోవాలి.

విడి ఇల్లు కొనేవారు అన్నీ తామే విచారించుకోవాలి: లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుటు అనుమతి, 22-ఏ నిషేధిత జాబితా, చెరువు పూర్తి నీటిమట్టపు హద్దు. వీటిలో ఒక్కటి తప్పినా పైన వేసిన లెక్క అంతా నీటిమీద వ్రాతే.

ఈ ప్రాంతంలో నీటిని ప్రత్యేకించి పరీక్షించాలి. పరిశ్రమల వ్యర్థజలాల వలన నక్కవాగు పరిసరాలలో భూగర్భజలం చెడిపోయి, 1990లో వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. బోరునీటిని ప్రయోగశాలకు పంపకుండా బయానా ఇవ్వడం వివేకం కాదు. నీరు చెడ్డదైతే ఏ ఇంటికైనా అద్దెకుండేవారు నిలువరు.

దగ్గరలో నివసిస్తూ పోర్షన్లనూ, పత్రాలనూ స్వయంగా చూసుకోగలవారికి విడి ఇల్లు ఎక్కువ ఫలమిస్తుంది. దూరాన ఉద్యోగం చేసుకునేవారికి రెరాలో రిజిస్టరైన వరుస ఇల్లు, లాభం కొంత తగ్గినా, నిశ్చింతనిస్తుంది. ఏది కొన్నా ధర మాట్లాడకముందే నేల ఎంత, హక్కు ఎవరిది, నీరు ఎటువంటిది అని విచారించడం మరువకండి.