పాత కంప్యూటరునకు క్రొత్త డ్రైవు: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మన పాఠశాల కార్యాలయమునందు నా బల్లప్రక్క నున్న కంప్యూటరును తల్లిదండ్రులలో చాలమంది చూచియే యుందురు. బదిలీ పత్రమునకై వచ్చినవారు దాని యెదుటి బెంచీపై కూర్చుండి, అది మేల్కొనువరకు వేచియుండుట వాడుకయై పోయినది. అది 2012లో కొన్న యంత్రము. తల్లిదండ్రుల సమావేశమున నొకరు లేచి, "అయ్యా, దానిని పాతసామానుల వానికిచ్చి క్రొత్తది కొనుడు, మేము చందా వేసికొందుము" అని యుదారముగా పలికిరి. నేను వలదంటిని. ఏల వలదంటినో, దానికి బదులుగా 2025 త్రైమాసిక పరీక్షల సెలవులలో ఏమి చేసితిమో చెప్పుట నా విధి. పళవేర్కాటిలో మీ యిండ్లయందును కొట్లయందును ఇట్టి పాత యంత్రములు పెక్కు కలవు గనుక, అదే పని మీరు చేయదలచినచో నుపయోగపడునట్లు కొంత వివరముగా వ్రాయుచున్నాను.

మేము మార్చినది ఒక్క వస్తువు. కంప్యూటరులో మన వ్రాతలు, చిత్రములు, జాబితాలు అన్నియు నిలువయుండు భాగమును డ్రైవందురు. పూర్వము హార్డ్ డిస్కు ఉండెడిది. ఇప్పుడు దాని స్థానమున ఎస్ఎస్‌డీ వచ్చినది. దీనికి తెనుగున ఘనస్థితి నిల్వసాధనమని పేరు పెట్టవచ్చును. కాని చెన్నపట్టణమున రిచీ వీధికి పోయి ఆ పేరుతో నడిగినచో ఎవ్వరును బీరువా తెరువరు. కావున ఎస్ఎస్‌డీ యనియే వ్రాయుదును.

హార్డ్ డిస్కు పని తిరుగలి పని వంటిది. లోపల అద్దమువలె మెరయు పలకలు నిమిషమునకు సాధారణముగా 7200 చుట్లు తిరుగుచుండును. ఒక సన్నని చేయి ఆ పలకపై నిటునటు కదలి, కావలసిన చోటు క్రిందికి వచ్చువరకు ఆగి, చదువును. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున రెండేసి అడుగుల వెడల్పుగల 50 పలకలుండెను. అది ఒక పెద్ద బీరువా యంత. అందు పట్టినది సుమారు 50 లక్షల యక్షరములు మాత్రమే. నేటి డిస్కు అరచేత నిముడును, కాని పద్ధతి అదియే. పలక యొక్కసారి తిరుగుటకు సెకనులో నూటయిరువదవ వంతు పట్టును. చేయి కదలుటకు మరికొంత. ఇది స్వల్పమని తోచును గాని, యంత్రము మేల్కొనునపుడు వేలకొలది చిన్నచిన్న ముక్కలను వేర్వేరు చోట్లనుండి చదువవలసి యుండును. సెకనుకు నూరు ముక్కలు కూడ చదువలేని డిస్కు, ఆ వేలను చదువులోపల బెంచీపై నున్న తండ్రిగారికి కునుకు పట్టును.

ఎస్ఎస్‌డీలో తిరుగునది గాని కదలునది గాని లేదు. కంటికి కానరాని గదులలో విద్యుదావేశమును బంధించి యుంచుటయే అందలి వ్రాత. జపానుదేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా యను ఇంజనీరు 1980 ప్రాంతములలో ఈ ఫ్లాష్ పద్ధతిని కనిపెట్టెను. మన చేతి ఫోనులలోను, పెన్‌డ్రైవులలోను ఉన్నది అదియే. ఏ గదినైనను వెంటనే చదువగలదు గనుక సెకనుకు వేలకొలది ముక్కలను తీసియిచ్చును.

ఇచ్చట కొంద రడుగవచ్చును: మన కార్యాలయ యంత్రమునకు 2018లోనే ఎస్ఎస్‌డీ వేయించితిమి గదా, మరల నెందుకు మందగించెనని. ఆ ప్రశ్న సరియైనదే. అప్పుడు వేసినది 120 జీబీ డ్రైవు. ఏడేండ్లలో అది అంచువరకు నిండెను. ఫ్లాష్ గదులకొక స్వభావము కలదు. వ్రాసిన దానిమీద నేరుగా మరల వ్రాయ వీలుపడదు. ముందు చెరుపవలెను. చెరుపుటయు ఒక్కొక్క గదిగా సాగదు, పెద్ద గుంపుగా మాత్రమే సాగును. తరగతిలోని నల్లబల్లను తలచుకొనుడు. ఒక్క పంక్తి మార్చుటకై బల్లయంతయు తుడువవలసినదే యని నియమము పెట్టినచో, ఉపాధ్యాయుడు మిగిలిన పంక్తులను ప్రక్కబల్లపై నెక్కించుకొని, ఈ బల్లను తుడిచి, పని సాగింపవలెను. ప్రక్కబల్ల ఖాళీగా నున్నంతకాలము చిక్కులేదు. అన్ని బల్లలును నిండియుండినచో ప్రతి చిన్న వ్రాతకును ఎత్తుట, దించుటయే సరిపోవును. నిండిన ఎస్ఎస్‌డీ మందగించుటకు ఇది ముఖ్యకారణము. అయిదవ వంతయినను ఖాళీగా నుంచుకొనుట మేలని నా యనుభవము.

ఇక ఆ 2018 నాటి ముచ్చట చెప్పక తప్పదు. ఈ వ్యాసము వ్రాయుటకు నిజమైన ప్రేరణ అదియే. అప్పుడు యంత్రమును మేము స్వయముగా విప్పలేదు. ఒక కొట్టునకు పంపితిమి. వారు హార్డ్ డిస్కులో సగభాగమును మాత్రము క్రొత్త డ్రైవులోనికి నకలుచేసి, "అన్నియు వచ్చినవి" అని చెప్పి, పాత డిస్కును తుడిచివేసిరి. రెండవ సగమున నున్నది మన తెలుగు సామగ్రి. ఆరు సంవత్సరముల ప్రశ్నపత్రములు, వ్యాకరణ పాఠములు, విజ్ఞానశాస్త్రమునకు మా యుపాధ్యాయులు రాత్రులు కూర్చుండి టైపు చేసిన తెలుగు వివరణములు, అన్నియు పోయినవి. కొట్టువానిని దూషించి ప్రయోజనమేమి? నకలు తీసికొనకుండ పంపినవాడను నేను.

ఆంధ్రదేశమున నైనచో ఇది యింత నష్టము గాదు. అంగడికి పోయినచో తెలుగు మాధ్యమపు ప్రశ్నల పుస్తకములు దొరకును. తమిళనాట మన బిడ్డలకు అట్టివి దొరకుట యరుదు. తమిళమును మొదటి భాగమున తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టము తరువాత, తెలుగునకు మిగిలిన కొద్దిపాటి పాఠ్యకాలమునకు మనము సొంతముగా సమకూర్చుకొన్న సామగ్రియే ఆధారము. పాత యంత్రమును వర్తకునికిచ్చుట వలదని నేనన్నది ఇందుకే. దాని విలువ ఇనుములో లేదు, లోపలి వ్రాతలో నున్నది.

పెన్‌డ్రైవులలో మిగిలిన కొన్ని పత్రములను తెరువబోగా మరియొక వింత కనబడెను. తెలుగునకు బదులు ఆంగ్లాక్షరములు, గుర్తులు కలగాపులగముగా వచ్చినవి. యూనికోడు పద్ధతి వ్యాపింపక మునుపు, అను ఫాంట్ల వంటి వానితో తెలుగు టైపు చేసినపుడు, కంప్యూటరు దాచుకొన్నది ఆంగ్లాక్షరముల గుర్తులనే. ఆ ఫాంటు ఉన్నంతవరకే అవి తెలుగుగా కానవచ్చును. క్రొత్త డ్రైవులోనికి పత్రము వచ్చి ఫాంటు రాకపోయినచో తాళముండి చెవి పోయినట్లే. కావున పెండ్లిపత్రికలు, సంఘముల జాబితాలు పాత ఫాంట్లలో నుంచుకొన్నవారు డ్రైవు మార్చుటకు ముందు ఫాంట్ల సంచికను, టైపు చేయు సాధనమును గూడ వేరుగా దాచుకొనవలెను. తీరిక దొరకినప్పుడు వానిని యూనికోడులోనికి మార్చుకొనుట ఇంకను మంచిది.

ఇక కొనుట. పాత డెస్క్‌టాపులకు సరిపడునది రెండున్నర అంగుళముల సాటా ఎస్ఎస్‌డీ. ఇప్పుడు అంగళ్లలో చ్యూయింగ్ గమ్ము బిళ్ళవలె సన్నగా నుండు ఎన్‌విఎంఈ డ్రైవులు విరివిగా నమ్ముచున్నారు. అవి చాల వేగవంతములే గాని, 2012 ప్రాంతపు మదర్‌బోర్డులకు సాధారణముగా వానిని పెట్టు చోటే యుండదు. అమర్చు పలక వేరుగా కొన్నను వానినుండి యంత్రము మేల్కొనుట దుర్లభము. వేగము చూచి మోసపోరాదు. మన యంత్రపు సాటా ద్వారములు రెండవ తరమువి, సెకనుకు 300 మెగాబైట్లకు మించి పోనీయవు. డ్రైవు పెట్టెపై 550 అని యుండును. మనకా పూర్తి వేగము రాదు. అయినను కొనదగినదే, ఏలనన మనకు కావలసినది చిన్న ముక్కలను వెంటనే చదువగలుగుట, ఆ లాభము పాత ద్వారమునను కలుగును.

మేము 500 జీబీ డ్రైవు కొంటిమి. యంత్రములో పెట్టగానే 465 అని చూపెను. వెంట వచ్చిన యొక తండ్రిగారు కొట్టువాడు తూకములో మోసగించెనని యాగ్రహించిరి. మోసము లేదు. తయారీదారు వేయింటిని వేయిగానే లెక్కించును, విండోసు 1024గా లెక్కించును. సామాను ఒక్కటే, పడికట్టు వేరు. నిజమైన మోసము వేరొకటి కలదు. పేరులేని సంస్థల పెట్టెలపై రెండు టెరాబైట్లని వ్రాసి నమ్మశక్యము గాని వెలకు అమ్మువారున్నారు. లోపల నుండునది కొద్ది జీబీల ముక్క. పేరుగల సంస్థ సరకు, రసీదు, హామీపత్రము, ఈ మూడును లేనిదే కొనవలదు. వెల నిచ్చట వ్రాయను, సంచిక అచ్చగునప్పటికి అది మారియుండును.

డ్రైవు అరిగిపోవునను భయము కొందరికి కలదు. 500 జీబీ డ్రైవులు కొన్నింటికి 300 టెరాబైట్ల వ్రాతవరకు తయారీదారులు హామీయిత్తురు. దినమునకు 20 జీబీ వ్రాసినను నలువది యేండ్లు పట్టును. భయపడవలసినది అరుగుదలకు గాదు. హార్డ్ డిస్కు పోవుటకు ముందు పెక్కుమారులు మూలుగును, టకటకలాడును. ఎస్ఎస్‌డీ అట్లు గాదు, నిన్నటివరకు చక్కగా పనిచేసి నేడు నోరుమూసికొనగలదు. కావున నకలు లేని ఎస్ఎస్‌డీ హార్డ్ డిస్కుకంటె ప్రమాదకరమైనదని నా యభిప్రాయము.

మార్చు విధము చెప్పుదును. మొదట ముఖ్యమైన పత్రములన్నియు రెండు వేర్వేరు చోట్ల నకలు తీసి, ఆ నకళ్లు తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. మా తెలుగు పండితులు ఒక పూట కూర్చుండి ఒక్కొక్క పత్రమును తెరచి చూచిరి. పిమ్మట రెండు దారులు కలవు. పాత డ్రైవును ఉన్నదున్నట్లు క్రొత్త దానిలోనికి దింపుట ఒకటి. క్లోనెజిల్లా వంటి ఉచిత సాధనములు ఈ పని చేయును. అంతయు మొదటినుండి స్థాపించుట రెండవది. మేము మొదటి దారి పట్టితిమి, మరల ఫాంట్లను పోగొట్టుకొనుట నాకిష్టము లేదు. ఈ పనిలో ఏది పాతది, ఏది క్రొత్తది యని సాధన మడుగును. అచ్చట తారుమారైనచో ఖాళీ డ్రైవు వచ్చి నిండుడ్రైవును మింగును. ఆ తెరవద్ద ఇద్దరు కూర్చుండి బిగ్గరగా చదివి, తరువాతనే నొక్కవలెను.

విప్పుటకు ముందు తీగెను గోడనుండి తీసివేసి, మీట నొకసారి నొక్కి మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, పెట్టె ఇనుమును చేతితో తాకవలెను. మూత తీయగనే మాకు కనబడినది పళవేర్కాటి గాలి చేసిన పని. ఒకప్రక్క సరస్సు, ఒకప్రక్క సముద్రము, ఈ యుప్పుగాలి మేకులనే తినివేయును, సన్నని లోహపు మొనలను విడుచునా? కేబులు కొనలు వెలవెలబోయి, మేకుల తలలు త్రుప్పుపట్టి యుండెను. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితిమి. నోటితో ఊదరాదు, తడి తగులును. పాత సాటా కేబులును పారవైచి క్రొత్తది వేసితిమి. దాని వెల స్వల్పము, అది చేయు పేచీలు అనల్పములు. అట్లే మదర్‌బోర్డు మీది నాణెమువంటి సీఆర్2032 బ్యాటరీని గూడ మార్చితిమి. అది చచ్చినచో తేదీ తప్పును, తేదీ తప్పినచో పెక్కు వెబ్‌సైట్లు తెరచుకొనవు. నెట్టు చెడినదని వాపోవువారిలో కొందరి రోగ మిదియే.

డ్రైవునకు రెండు కేబులులు, ఒకటి వార్తకు, ఒకటి విద్యుత్తునకు. రెండింటి నోళ్లును మూలమట్టపు ఆకారమున నుండుటచే తప్పుగా దూర్చ వీలుపడదు, బలము చేయ నక్కరలేదు. పెద్ద అరలో బిగించుటకు చిన్న పలక యొకటి కావలెను. అది లేకున్నను కదలిక లేని వస్తువు గనుక రెండువైపుల అంటు పట్టీతో అతికించినను హాని లేదు. మొదటిసారి యంత్రము వేయునపుడు పాత డ్రైవును ఊడదీసి యుంచవలెను. ఒకే గుర్తు గల ఇద్దరిని చూచి యంత్రము తికమకపడును. మన యంత్రము మునుపు నాలుగు నిమిషములకు మేల్కొనెడిది, ఇప్పుడు ముప్పావు నిమిషమున మేల్కొనుచున్నది. నకలుచేసిన పిమ్మట మిగిలిన ఖాళీస్థలమును డిస్కు నిర్వహణ తెరలో కలుపుకొనుట మరువరాదు. లేనిచో 500 కొని 120 వాడుకొన్నట్లగును.

దీనితో నన్నియు తీరవు. 2 జీబీ ర్యాము గల యంత్రమునకు ముందు ర్యాము పెంచవలెను. నెట్టు మందగొడిగా నున్నచో ఏ డ్రైవును దానిని త్వరపెట్టలేదు. మరియొక చిక్కు విండోసు 10. దానికి మైక్రోసాఫ్టు సామాన్యమైన భద్రతా సవరణలను 2025 అక్టోబరు 14తో నిలిపినది. విండోసు 11 ఇంత పాత యంత్రములను అంగీకరింపదు. కావున కార్యాలయ యంత్రమున నెట్టు వాడకమును తగ్గించి, క్రొత్త డ్రైవులో కొంత భాగము వేరుచేసి, చెన్నైలోని సీ-డాక్ వారు రూపొందించిన బాస్ లినక్సును స్థాపించితిమి. నెట్టు పనులు అందే. అది ఉచితము, తెలుగు చక్కగా వచ్చును. అలవాటు పడుటకు నాకు రెండువారములు పట్టెను, గుమాస్తాగారికి రెండు దినములు.

పాత డ్రైవును ఎవరికిని అమ్మవలదు. పత్రములను చెత్తబుట్టలో వేసినంత మాత్రమున అవి పోవు. మన యంత్రమున పిల్లల పేర్లు, ఆధార్ సంఖ్యలు, కుల ధ్రువపత్రముల నకళ్లు కలవు, మీ యిండ్ల యంత్రములందు బ్యాంకు కాగితము లుండును. ఆ 120 జీబీ ఎస్ఎస్‌డీని చిన్న పెట్టెలో నమర్చి వారమున కొకసారి నకలు తీయుటకు వాడుచున్నాము. ఎస్ఎస్‌డీని ఏండ్ల తరబడి విద్యుత్తు తగులకుండ బీరువాలో నుంచుట మంచిది గాదు, గదులలోని యావేశము మెల్లమెల్లగా కారిపోవచ్చును. బీరువాకు హార్డ్ డిస్కే మేలు. 2018లో తుడువబడిన ఆ డిస్కే ఇప్పుడు రెండవ నకలుతో, ఉప్పుగాలి సోకకుండ మూతబిగువు డబ్బాలో నున్నది.

పోయిన ప్రశ్నపత్రములలో ఏడవ తరగతివరకు పండితులు అచ్చుప్రతులను చూచి తిరిగి టైపు చేసిరి. 2012 మొదలు 2018 వరకు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు చదివిన బిడ్డల పాత తెలుగు ప్రశ్నపత్రములు మీ యిండ్లలో నటుకలపై నున్నచో, చినిగినవైనను సరే, కార్యాలయమునకు తెచ్చియిండు. నకలు తీసికొని అదే దినమున తిరిగి యిచ్చెదము.