ఆట నియమము, లోకన్యాయము

పులిజూదము ఆడువారెవ్వరును, ఆకులు మేయు మేకలు పులిని ఎట్లు కట్టివేయగలవని అడుగరు. చదరంగములో గుర్రము వంకరగా ఏల దుముకవలెనని అడుగరు. ఆ ఆటలలో నియమమే లోకము. దానికి వెలుపల ఏమియు లేదు. కాని నియమములకు వెలుపల కూడ ఒక లోకమున్నదని నమ్మి ఆడెడి ఆట యొకటి కలదు. చిక్కంతయు అచ్చటనే పుట్టుచున్నది.

అమెరికా దేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు కూర్చగా 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అట్టి ఆట. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుండి, ఒకడు వీరుడుగా, ఒకడు మాంత్రికుడుగా, తలకొక పాత్రను ధరింతురు. ‘డంజన్ మాస్టర్’ అనెడి నిర్ణేత యొకడు కథను నడుపును. తన పాత్ర ఏమి చేయునో ఆటగాడు నోటితో చెప్పును. ఫలితము సందేహమైనచో పాచికలు తేల్చును. ఏమైనను చెప్పవచ్చును గనుకనే, నియమములు వ్రాసినవారు ఊహింపని ప్రశ్నలు అడుగడుగునను ఎదురగుచుండును.

గత వేసవిలో మా మేనల్లుడును అతని స్నేహితులును మా యింట ఈ ఆట ఆడుచుండగా చూచితిని. శత్రువులు తరుముచుండగా ఒక కుర్రవాడు, తన వీరుడు వేయి అడుగుల కొండకొమ్ము నుండి క్రిందికి దుముకుచున్నాడని చెప్పెను. నిర్ణేతగానున్న మా మేనల్లుడు, “అయితే నీ వీరుడు చచ్చిపోయినాడు” అనెను. కుర్రవాడు పుస్తకము తెరచి చూపెను. 2014 నాటి నియమముల ప్రకారము, పడిన ప్రతి పది అడుగులకు ఒక పాచిక వేయవలెను. పాచికలు ఇరువదికి మించరాదు. పాచికకు ఆరు ముఖములు గనుక, ఎంత ఎత్తునుండి పడినను నష్టము 120 దాటదు. ఆ వీరుని ప్రాణసంఖ్య అంతకు పైగా ఉన్నది. కనుక అతడు దుమ్ము దులుపుకొని లేచి నడచిపోవలెను! మాటకు మాట పెరిగి ఆట ఆగిపోయెను. కుర్రవాడు అలిగి ఇంటికి పోయెను. ఇద్దరిలో న్యాయమెవరిది?

హిట్ పాయింట్లు అని ఆటగాండ్రు పిలిచెడి ఈ ప్రాణసంఖ్య యేమో ముందు తెలియవలెను. పాత్రకు అనుభవము పెరిగినకొలది ఇది పెరుగుచుండును. దెబ్బ తగిలినపుడెల్ల తరుగుచుండును. ఇది కేవలము రక్తమాంసముల కొలత కాదనియు, నేర్పు, అదృష్టము, దైవానుగ్రహము కూడ ఇందు చేరియున్నవనియు 1979 నాటి తన గ్రంథమున గైగాక్స్ వివరించెను. కత్తియుద్ధమునకు ఈ భావము చక్కగా సరిపడును. ఇతరుల ప్రాణము తీయగల వేటును నేర్పరి ఒడుపుగా తప్పించుకొని గీతతో బయటపడును. కాని క్రిందనున్న రాతినేలను ఏ ఒడుపుతో తప్పించుకొనగలడు? పోరాటమునకై పుట్టిన లెక్కకు కొండపాటును గూడ అప్పగించుటచే ఈ వింత కలిగినది.

ఇంతకంటె విపరీతమైన వాదమొకటి ఈ ఆటగాండ్రలో ప్రసిద్ధము. యుద్ధమున ఒక విడత ఆరు సెకండ్ల కాలము. ఎందరున్నను, అందరి వంతులును ఆ కాలములోనే ముగిసినట్లు లెక్క. రెండువేలమంది పల్లెవాండ్రను ఐదేసి అడుగుల ఎడముతో వరుసగా నిలిపి, “ఈటె నా చేతికి రాగానే ప్రక్కవానికి అందింతును” అని ప్రతివానిచేతను ముందుగా చెప్పించినచో, ఈటె ఆరు సెకండ్లలో పదివేల అడుగులు, అనగా సుమారు మూడు కిలోమీటర్లు పోవును! శబ్దమునకు మించిన వేగముతో పోవు ఈటె కోటగోడను చీల్చదా యని వాదము. ఇందలి మోసము కనిపెట్టుట కష్టము కాదు. వేగము కావలసినపుడు పుస్తకమును, దెబ్బ కావలసినపుడు ప్రకృతిని సాక్ష్యమునకు పిలుచుచున్నారు. పుస్తకమునే తుదిదాక నమ్మినచో, కడపటివాడు విసరిన ఈటె సామాన్యమైన ఈటెదెబ్బయే కొట్టును. ప్రకృతినే నమ్మినచో, ఈటె అంత వేగముగా చేతులు మారనే మారదు. 2024లో వెలువడిన నిర్ణేతల గ్రంథము ఈ ఉదాహరణమునే ఎత్తిచూపి, ఆట నియమములు భౌతికశాస్త్ర సూత్రములు కావని స్పష్టము చేసినది.

ఈ తగవు నేటిది కాదు. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్స్ 1824లో, పటముపై యుద్ధమాడెడి పద్ధతి నొకదానిని పాచికలతోను పట్టికలతోను సిద్ధపరచి ప్రకటించెను. లెక్కల భారముచే ఆ ఆట మందగించుచుండెను. 1876లో వెర్డీ దు వెర్నోయి అను మరియొక అధికారి పట్టికలను ప్రక్కకు నెట్టి, అనుభవజ్ఞుడైన నిర్ణేత తీర్పే చాలునని ప్రతిపాదించెను. అయితే అందును అపాయము లేకపోలేదు. నిర్ణేత నోటిమాటయే శాసనమైనచో, ఆటగాడు దేనిని నమ్మి అడుగు వేయవలెను? నియమమును నమ్మి సాహసించినవానిని, ఆ పిమ్మట ఇంగితజ్ఞానము పేరిట శిక్షించుట అన్యాయము.

కావున తీర్పు ఏమన్నది ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు చెప్పబడినదన్నదియు అంత ముఖ్యము. ఇంగితజ్ఞానమునకు తగిన తావు సాహసమునకు ముందు, తరువాత కాదు. మా మేనల్లుడు చెప్పినది లోకన్యాయమే. కాని ఆలస్యముగా చెప్పెను.

మరునాడు అలిగిన కుర్రవాడు తిరిగివచ్చెను. మా మేనల్లుడు కథను కొండకొమ్ము వరకు వెనుకకు నడపి, “ఇక్కడనుండి పడినవాడెవడును బ్రతుకడు. ఏమంటావురా, దూకుతావా?” అని అడిగెను. కుర్రవాడు క్షణకాలము ఆలోచించి, తన వీరుని సంచిలో త్రాడు ఉన్నదా లేదా యని కాగితము వెదకనారంభించెను.