మీకు తెలుసా? వీధి లేని బొగ్గు రైళ్ల ఊరు
అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, న్యూ రివర్ లోయలో థర్మండ్ అనే ఊరుంది. చోటు ఎంత ఇరుకంటే, దుకాణాల, బ్యాంకు గడప దాటితే నేరుగా రైలు పట్టాలే; మధ్యలో వీధికి జాగా లేదు. చుట్టుపక్కల గనుల బొగ్గు ఇక్కడికే చేరేది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో రోజుకు 15 ప్యాసింజర్ రైళ్లు, ఏటా 95,000 మంది దాకా ప్రయాణికులు! ఆవిరి ఇంజన్లకు బొగ్గు, నీళ్లు, చక్రాలు జారకుండా పట్టాలపై చల్లే ఇసుక నింపి పంపడమే ఊరికి కూడు పెట్టింది. 1930లో డన్ గ్లెన్ హోటల్ కాలిపోయింది, మాంద్యం వచ్చిపడింది. అసలు దెబ్బ మాత్రం ఆ తర్వాత వచ్చిన డీజిల్ ఇంజన్లదే: వాటికి బొగ్గూ, ఆవిరి కోసం నీళ్లూ అక్కర్లేదు. 2020 జనాభా లెక్కల్లో తేలినవాళ్లు ఐదుగురే. 1904 నాటి స్టేషన్‌ను మాత్రం నేషనల్ పార్క్ సర్వీస్ చక్కగా బాగుచేసి సందర్శకులకు తెరిచింది.