పెయింట్ డబ్బా మూత తీసే ముందు...

సంక్రాంతి దగ్గర పడుతోందంటే చాలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో షేడ్ కార్డులు తిరగడం మొదలవుతుంది. హాల్‌కి క్రీమా, బెడ్‌రూమ్‌కి లేత ఆకుపచ్చా అని రెండు వారాలు చర్చ. గోడ ఎలా ఉందో మాత్రం ఎవరూ చూడరు. ఆర్నెల్లు తిరక్కుండానే మంచం వెనకాల రంగు అప్పడంలా ఉబ్బి ఊడొస్తే, తిట్లన్నీ పెయింట్ కంపెనీకి! చాలాసార్లు అసలు గొడవ రంగు కింద ఉంటుంది.

ముందు అరచేత్తో గోడని గట్టిగా రుద్దండి. తెల్లగా పొడి అంటిందా? అది పాత సున్నమో, డిస్టెంపరో అయ్యుంటుంది. దాని మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా ఆ పొడినే పట్టుకుని వేలాడుతుంది. ఇంకో టెస్ట్: సెల్లోటేప్ ముక్క అతికించి ఒక్కసారిగా లాగండి. టేపుతో పాటు రంగు కూడా వచ్చేస్తే స్క్రాపర్‌తో గీకాల్సిందే. చీకటి పడ్డాక లైట్లు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి పక్కగా వెలిగించండి. పగలు నున్నగా కనిపించిన గోడ మీద ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. వాటి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టేస్తే, పొద్దున పెయింటర్‌కి చూపించడం తేలిక.

చెమ్మ సంగతి వేరే. బాత్రూమ్‌కి అవతలి గోడ, పైన వాటర్ ట్యాంక్ ఉన్న గది... అనుమానం ఎక్కువగా వీటి మీదే. గోడ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే, లోపలి నీళ్ళు ప్లాస్టరింగ్‌లోని లవణాల్ని బయటికి మోసుకొచ్చి, తాము ఆవిరైపోయాయని అర్థం. అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవర్‌ని నాలుగు వైపులా టేపు వేసి గోడకి అతికించి, ఒక రోజు వదిలేయండి. కవర్‌కి లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే తడి గోడలోంచి వస్తోంది. బయటివైపు ఉంటే గదిలోని గాలి తేమ. మొదటిదైతే పెయింటర్ కంటే ముందు ప్లంబర్‌ని పిలవండి. లీకేజీ ఆపకుండా పైన వాటర్‌ప్రూఫ్ కోటు వేయడం మా ఐటీ వాళ్ళు శుక్రవారం సాయంత్రం పెట్టే హాట్‌ఫిక్స్ లాంటిదే. సోమవారానికి మళ్ళీ మొదటికే!

కొత్త ఇల్లయితే తొందర ఇంకా ప్రమాదం. సిమెంట్ బలం పుంజుకోవడానికి లెక్క 28 రోజులు. ప్లాస్టరింగ్‌లో తడి పూర్తిగా ఆరడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. కొత్త సిమెంట్‌లో క్షారం కూడా చాలా ఎక్కువ. నూనె రంగు దానికి తగిలితే, ఇంట్లో నూనె, కాస్టిక్ సోడా కలిపి సబ్బు చేసినట్టే అవుతుంది. రంగు మెత్తబడి జిడ్డుగా మారుతుంది. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తే వాటర్ ప్రైమర్‌తో ఆపేయండి. మామిడి తోరణాలు, బంతిపూల దండలు కట్టాక గోడ రంగు ఎవరు చూస్తారు చెప్పండి?

ఇప్పుడు నిజంగా భయపడాల్సిన విషయం. పురుటికి అమ్మాయి పుట్టింటికి వస్తోందని పాత గదికి కొత్త రంగు వేయించడం మనకి మామూలే. ఆ గది తలుపులు, కిటికీలు, కొన్ని ఇళ్ళలో సగం గోడ వరకూ పాత ఎనామిల్ ఉంటుంది. ఇంట్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో. అంతకు ముందు డబ్బాల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు ఎనామిల్స్‌లో, సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడిగా రుద్దితే సన్నటి దుమ్ము నేల మీద, పరుపు మీద పడుతుంది. గర్భిణి ఒంట్లోకి వెళ్ళిన సీసం కడుపులో బిడ్డకీ చేరుతుంది. పాకే పిల్లలైతే నేల మీద చేయి పెట్టి నోట్లో పెట్టుకుంటారు. అది ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే ఫర్వాలేదనే సురక్షితమైన మోతాదంటూ లేదు.

కాబట్టి పాత ఎనామిల్ గట్టిగా ఉంటే గీకించకండి. సబ్బు నీళ్ళతో కడిగి, తడి ఎమరీ పేపర్‌తో మెరుపు మాత్రం తగ్గించి, పైన ప్రైమర్ వేయించండి. పెచ్చులు లేస్తుంటే నీళ్ళు చల్లుతూ చేత్తోనే గీకాలి, మెషీన్ వద్దు. స్విచ్ బోర్డుల దగ్గర తడి చేసే ముందు మెయిన్ ఆపండి. నేల మీద ప్లాస్టిక్ షీట్ పరచండి, చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో తుడవండి. అదంతా అయ్యాకే అమ్మాయిని తీసుకురండి. పెయింటర్ అన్న ముక్కుకి కట్టుకున్న తువ్వాలు ఈ దుమ్ముని ఆపలేదు. రెండు ఎన్95 మాస్కులు కొనిస్తే పెద్ద ఖర్చేం కాదు.

ఇక లప్పం. వైట్ సిమెంట్ పుట్టీ అయితే గోడ కాస్త తడిపి నేరుగా పెట్టొచ్చు. అక్రిలిక్ అయితే ముందు ప్రైమర్ ఉండాలి. రెండు పల్చటి కోట్లు, మధ్యలో ఆరడానికి టైమ్. గుంత పూడ్చడానికి లప్పం దట్టించకండి, పగుళ్ళు వస్తాయి. పెద్ద గుంతలకి మేస్త్రీతో సిమెంటే పెట్టించాలి. ఆరాక 180 నంబర్, చివర్లో 320 నంబర్ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేయాలి. దుమ్ము తుడవడమే చాలామంది ఎగ్గొట్టే పని.

బేరం ఆడేటప్పుడు చదరపు అడుగుకి ఎంత అని ఒక్క మాటతో వదిలేయకండి. గీకడం, లప్పం ఎన్ని కోట్లు, ప్రైమర్ ఎన్ని కోట్లు అని విడివిడిగా రాయించుకోండి, రెండో విడత డబ్బులు లప్పం రుద్దాక, రాత్రి టార్చ్ వేసి చూశాకే ఇవ్వండి.